బరంపురం ఎండలో బుల్లి వాంకెల్: గాలి ఎటు, బెల్టు ఎందుకు

మోడల్ విమానానికి వాంకెల్ ఇంజిన్ (పిస్టన్ బదులు రోటర్ తిరిగే రకం) పెట్టుకుందామనుకునేవాళ్ళు నన్ను అడిగేవి రెండే. వేడెక్కిపోదా? ప్రొపెల్లర్‌ని నేరుగా షాఫ్ట్‌కి బిగించాలా, బెల్టు వేసి వేగం తగ్గించాలా? ఓఎస్ 49-పీఐ అనే బుల్లి వాంకెల్ సెకండ్‌హ్యాండ్‌లో నా చేతికొచ్చి చాలా ఏళ్ళయింది. బరంపురానికీ ఛత్రపురానికీ మధ్య కోతలైపోయిన మళ్ళలో, గోపాల్‌పూర్ నుంచి వీచే ఉప్పు గాలిలో రెండు రకాలుగానూ నడిపి చూశాను.

ఇంజిన్ 4.97 సీసీ, అరచేతిలో పట్టేస్తుంది. వాల్వులు లేవు, కనెక్టింగ్ రాడ్ లేదు. లోపల మూడు మూలల రోటర్ ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది, అంటే షాఫ్ట్ చుట్టుకొకసారి మంట. అదురు దాదాపు లేదు. నా విమానంలో సర్వోలు (చుక్కాని వగైరా కదిపే బుల్లి మోటార్లు), రిసీవర్ వైర్లు ఇంతకాలం నిలబడ్డాయంటే అందుకే. మోత మాత్రం ఎక్కువ. ఎగ్జాస్ట్ కూడా మహా వేడి, సైలెన్సర్ దగ్గర ప్లాస్టిక్ అన్నది ఉండకూడదు.

ఇక వేడి సంగతి. పిస్టన్ ఇంజిన్‌లో మంట మండిన చోటికే తర్వాత చల్లటి మిశ్రమం వస్తుంది కాబట్టి అక్కడ కొంత సర్దుకుంటుంది. వాంకెల్‌లో ఆ వెసులుబాటు లేదు. మంట ఎప్పుడూ ప్లగ్గు వైపే, చల్లటి మిశ్రమం వచ్చేది ఎప్పుడూ దానికి ఎదుటి వైపే. కేసింగ్ ఒక పక్క కాలుతుంటే ఇంకో పక్క చేత్తో ముట్టుకోగలిగేలా ఉంటుంది. లోహం రెండు పక్కలా సమంగా వ్యాకోచించదు. రోటర్ మూలల్లో వాయువు జారిపోకుండా ఆపే సీళ్ళు జారాల్సింది ఆ గోడ మీదే. అందుకే ఇంజిన్ మొత్తం ఎంత వేడెక్కిందన్న దానికన్నా రెండు పక్కల మధ్య తేడా ఎంతన్నదే నేను చూసుకుంటాను.

ఆ తేడా చూడ్డానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చాలు, కానీ మెరిసే అల్యూమినియం మీద అది ఉన్నదానికన్నా తక్కువే చూపిస్తుంది. ప్లగ్గు పక్కన ఒకటి, కార్బురేటర్ వైపు ఒకటి, చిన్న బొట్లలా వేడికి తట్టుకునే నల్ల పెయింటు వేసి, ఎప్పుడు చూసినా ఆ రెండు చోట్లే చూడాలి. కౌలింగ్ (ఇంజిన్ చుట్టూ గాలిని నడిపించే తొడుగు) లేకుండా వదిలేస్తే మే నెల మధ్యాహ్నం దిగిన వెంటనే రెండు బొట్ల మధ్య తేడా డెబ్భై డిగ్రీలకు తగ్గేది కాదు. గాలి బాగానే తగులుతోంది, కాకపోతే చల్లగా ఉన్న పక్కని ఇంకా చల్లబరుస్తోంది.

అందుకని కూల్‌డ్రింక్ డబ్బా రేకు కత్తిరించి, కార్బురేటర్ వైపు ఫిన్నుల్ని (వేడిని గాలికి వదిలే లోహపు రెక్కల్ని) చాలా వరకు మూసేశాను. వచ్చిన గాలంతా ప్లగ్గు వైపు ఫిన్నుల మధ్య నుంచే పోవాలి. రేకు ఫిన్నులకి ఆనేంత దగ్గరగా ఉండాలి, వేలు దూరేంత సందున్నా గాలి ఫిన్నుల జోలికి రాకుండా ఆ సందులోంచి పోతుంది. కౌలింగ్‌లో గాలి బయటికి పోయే దారి లోపలికొచ్చే దారికన్నా పెద్దదిగా ఉండాలి, వేడెక్కిన గాలికి చోటు ఎక్కువ కావాలి కదా. నేనైతే రెట్టింపుకి కొంచెం తక్కువ ఉంచి, కింద వెనక అంచుని కాస్త బయటికి వంచాను. ఎగిరేటప్పుడు ఆ అంచు వెనక గాలి ఒత్తిడి తగ్గి లోపలి గాలిని లాగేస్తుంది. తేడా సగానికి పడిపోయింది. ముందు దారి పెద్దది చేస్తే ఇంత ఫలితం రాలేదు.

గాలికన్నా ముందు చల్లబరిచేది ఇంధనమే, ఇందులో పోసేది మిథనాల్. మిథనాల్ ఆవిరయ్యేటప్పుడు పెట్రోల్‌కన్నా దాదాపు మూడింతల వేడి లాక్కుంటుంది. పైగా అదే గాలికి రెండింతలకు మించి పోయాలి. కాబట్టి కార్బురేటర్ నీడిల్ కొంచెం రిచ్‌గా, అంటే ఇంధనం కాస్త ఎక్కువ పోయేలా ఉంచడమే అన్నిటికన్నా చవకైన కూలింగ్. పొగ సన్నగా కనిపిస్తూనే ఉండాలి. లోపలి భాగాలు అరగకుండా ఇంధనంలో ఆముదం నేను ఐదో వంతు కలుపుతాను. సింథటిక్ ఆయిల్ శుభ్రమే గానీ ఈ ఎండలకి నా నమ్మకం ఆముదం మీదే. ఇంధనం తాగడం మాత్రం ఎక్కువ, అది వాంకెల్ జాతి లక్షణం. ఇదే సైజు పిస్టన్ ఇంజిన్‌కి పెట్టిన ట్యాంకు దీనికి చాలదు.

ఇప్పుడు బెల్టు. నేరుగా బిగిస్తే 9 × 6 (9 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల పిచ్) ప్రొపెల్లర్‌తో హాయిగా తిరుగుతుంది. నిమిషానికి 12,000 చుట్ల దగ్గర ప్రొపెల్లర్ కొస వేగం సెకనుకి 144 మీటర్లు. ధ్వని వేగం 340 దరిదాపుల్లో ఉంటుంది, కొస దానికి దగ్గరకి కూడా పోదు, అంటే భయపడాల్సింది లేదు. అయినా పెద్ద ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరిగితే వచ్చే లాగుడు వేరు. అందుకే ఇక్కడి లేత్ షాపులో 20, 36 పళ్ళ పుల్లీలు చేయించి టైమింగ్ బెల్టు వేశాను. లేత్ ఆయన 14 అంగుళాల ప్రొపెల్లర్ చూసి "ఏటి మాస్టారూ, ఇంత బుల్లిదానికి ఇంత పంకానా?" అన్నాడు.

లాగింది, ఆ మాట నిజం. మడిలో గట్టు రాకముందే లేచేది. కానీ బెల్టు వేశాక ప్రొపెల్లర్ ఇరుసు ఇంజిన్ కన్నా పైకి జరిగింది. కౌలింగ్ ముందు దారి, రేకు, అన్నీ మళ్ళీ మొదటికొచ్చాయి. పెద్ద ప్రొపెల్లర్ మొదలు దగ్గర గాలి నెమ్మదిగా కదులుతుంది, నేల మీద నిలబెట్టి నడిపితే ఇంజిన్‌కి తగిలే గాలి చాలా తక్కువ. దానికి తోడు బెల్టు బిగింపంతా ముందు బేరింగ్ మీదే. బిగింపు తగ్గిస్తే పళ్ళు దాటేస్తాయి. బెల్టు తెగితే భారం పోయి ఇంజిన్ ఒక్కసారిగా చెలరేగుతుంది, త్రాటిల్ మీద వేలు తీయకూడదు. ఆ టెన్షన్ నాకు ఎగరేసే సరదాని సగం తినేసింది. బెల్టు తీసి పక్కన పెట్టాను. ఈ సైజుకి డైరెక్టే మేలు.

మనుషులెక్కే విమానాల లెక్క వేరే. ఇళ్ళలో కట్టుకునేవాళ్ళు వాడే మాజ్దా 13బీ 1308 సీసీ. దాన్ని 6,000 చుట్ల దగ్గర 1.8 మీటర్ల ప్రొపెల్లర్‌కి నేరుగా బిగిస్తే కొస వేగం సెకనుకి 565 మీటర్లవుతుంది, పనికిరాదు. ఇలాంటి ఇంజిన్లకి ట్రేసీ క్రుక్ అనే ఆయన తయారుచేసిన గేర్‌బాక్సుల్లో ఒకటి 2.17కి 1, ఇంకోటి 2.85కి 1. రెండో దానితో అదే ప్రొపెల్లర్ కొస 200 మీటర్ల లోపే ఉంటుంది. వాళ్ళకి గేరు తప్పదు. కూలింగ్‌లోనూ అంతే, అక్కడ రోటర్‌ని నూనెతో చల్లబరుస్తారు కాబట్టి మొత్తం వేడిలో సుమారు మూడో వంతు ఆయిల్ కూలరే మోయాలి. నీళ్ళ రేడియేటర్ ఒక్కటీ పెద్దది పెడితే సరిపోదు. బెల్టు నచ్చేవాళ్ళకి ష్లైఖర్ ఏఎస్‌హెచ్ 26ఈ గ్లైడర్ ఉంది. అందులో రోటరీ ఇంజిన్ పొట్టలోనే ఉండిపోతుంది, పైకి లేచే ప్రొపెల్లర్‌ని బెల్టు తిప్పుతుంది.

మాలాంటి తీరప్రాంతం వాళ్ళకి ఇంకొక్కటి. మిథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, శక్తి పెంచడానికి నైట్రోమీథేన్ కలిపితే మండాక ఆమ్లం మిగులుతుంది, రెండూ కలిస్తే బేరింగ్‌లకి తుప్పే. ఆఖరి ల్యాండింగ్ తర్వాత ట్యాంకు ఖాళీ చేసి, లైను మూసి, ఆగిపోయేదాకా నడిపి, కార్బురేటర్‌లో నాలుగు చుక్కల ఆఫ్టర్‌రన్ ఆయిల్ (నడిపాక తుప్పు పట్టకుండా వేసే నూనె) వేసి చేత్తో తిప్పాలి. మిథనాల్ మంట పగటి వెలుతురులో కనబడదు, అది విషం కూడా. పిల్లలు చుట్టూ చేరితే ముందు డబ్బా మూత బిగించండి. సీళ్ళు మనకి దొరకవు, బయటి నుంచి తెప్పించుకోవాల్సిందే, కొనేముందే ఒక జత సంపాదించుకోండి.