సెన్సర్.కమ్యూనిటీ గాలి కిట్: పీఎం 2.5కి భేష్, పీఎం 10కి నమ్మొద్దు

హైదరాబాద్‌లో సనత్‌నగర్, జూపార్కు లాంటి చోట్ల గాలి కాలుష్యాన్ని కొలిచే ప్రభుత్వ స్టేషన్లు ఉన్నాయి. కానీ మన వీధి చివర చెత్త తగలబెడితే ఆ పొగ వాటి లెక్కలోకి రాదు. ఆ లోటు తీర్చుకోవడానికి ఇప్పుడున్న వాటిలో మంచి దారి గాలిలో ధూళిని కొలిచే సెన్సర్.కమ్యూనిటీ కిట్. పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే సన్నటి కణాలు, పీఎం 10 అంటే 10 మైక్రాన్ల దాకా ఉండేవి. 2015లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఔత్సాహికులు లుఫ్ట్‌డాటెన్ పేరుతో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. విడిభాగాలు కొని ఇంట్లోనే బిగించుకోవచ్చు, సోల్డరింగ్ దాదాపు అక్కర్లేదు.

కావలసినవి: వైఫై ఉన్న చిన్న కంప్యూటరు లాంటి నోడ్‌ఎంసీయూ ఈఎస్‌పీ 8266 బోర్డు, లేజరుతో కణాల్ని కొలిచే ఎస్‌డీఎస్ 011 ధూళి సెన్సర్, ఉష్ణోగ్రత, తేమ కోసం బీఎంఈ 280, జంపర్ వైర్లు, సెన్సర్‌లోకి గాలి పోవడానికి 6 మి.మీ. లోవ్యాసం ఉన్న చిన్న ట్యూబు, వీటన్నిటినీ లోపల పెట్టడానికి శానిటరీ షాపులో దొరికే 75 మి.మీ. పీవీసీ బెండులు రెండు. ట్యూబు నల్లది తీసుకోండి, వెలుతురు లోపలికి పోతే లేజర్ రీడింగు చెడుతుంది. బెండులకు సొల్యూషన్ పూయొద్దు, శుభ్రం చేయడానికి మళ్లీ విప్పాలి.

బీఎంఈ 280 కొనేటప్పుడు జాగ్రత్త. ఆ పేరుతో బీఎంపీ 280 అంటగట్టడం మామూలే, దానికి తేమ కొలవడం రాదు. చిప్పు చతురస్రంగా ఉంటే బీఎంఈ, కాస్త పొడవుగా ఉంటే బీఎంపీ. బిగించాక సెన్సర్ పేజీలో తేమ కనిపించకపోతే అసలు సంగతి అర్థమైనట్టే.

వైరింగులో ఎస్‌డీఎస్ సెన్సర్ టీఎక్స్ పిన్ను బోర్డు మీది డీ1కి, ఆర్‌ఎక్స్ డీ2కి, 5 వోల్టులు వీయూ పిన్నుకి. సెన్సర్ మీద 5 వోల్టుల పిన్నుకీ గ్రౌండుకీ మధ్య ‘2.5’ అని ఇంకో పిన్ను ఉంటుంది, అది ఖాళీగా వదిలేయాలి. బీఎంఈకి ఎస్‌డీఏ డీ3, ఎస్‌సీఎల్ డీ4, కరెంటు 3.3 వోల్టుల పిన్ను నుంచే. బోర్డును నడిపే ప్రోగ్రాం అయిన ఎయిర్‌రోర్ ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు కంప్యూటరుకు బోర్డు కనిపించకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. చార్జింగ్‌కే పనికొచ్చే కేబుళ్లు చాలా ఉన్నాయి. తర్వాతి అనుమానం బోర్డును కంప్యూటరు గుర్తించడానికి కావలసిన సీహెచ్ 340 డ్రైవరు మీద. వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటుంది.

ఈ ఫర్మ్‌వేర్‌లో మెచ్చుకోవాల్సిన పని ఒకటుంది. ఎస్‌డీఎస్ లేజరు ఆయుష్షు 8,000 గంటలు, ఆపకుండా నడిపితే ఏడాది కూడా రాదు. అందుకే ప్రతి 145 సెకన్లకోసారి ఫ్యాను తిప్పి, కాసేపు గాలి పీల్చి, కొలిచి ఆపేస్తుంది. అలా ఏళ్ల తరబడి వస్తుంది.

ఇక లోపాలు. తేమ 70 శాతం దాటితే ధూళి కణాలు నీటిని పీల్చి ఉబ్బుతాయి, సెన్సర్ వాటిని పెద్ద కణాలుగా లెక్కేసి అంకె పెంచేస్తుంది. వానాకాలం ఉదయాల్లో, పొగమంచులో కనిపించే భయంకరమైన అంకెల్ని అందుకే పక్కన తేమ చూడకుండా షేర్ చేయకండి. విశాఖ లాంటి సముద్రతీరంలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. పీఎం 10 సంగతి ఇంకా బలహీనం. రోడ్డు దుమ్ము, సిమెంటు పొడి లాంటి ముతక కణాల్ని ఈ సెన్సర్ సరిగా పట్టలేదు, కాబట్టి కన్‌స్ట్రక్షన్ సైటు మీద ఫిర్యాదుకు ఈ అంకె నిలబడదు. కరెంటు పోతే ఆ సమయం డేటా కూడా పోయినట్టే, రౌటరును, కిట్‌ను రెంటినీ ఇన్వర్టర్ మీద పెట్టండి.

పెట్టే చోటు మొదటి అంతస్తు బాల్కనీ రోడ్డు వైపు అయితే మేలు. వంటింటి ఎగ్జాస్టు, అగరొత్తులు, దోమల కాయిల్ దగ్గర్లో ఉండకూడదు. పైపు రెండు మూతులూ కిందికి చూడాలి, వాటికి దోమతెర గుడ్డ బిగించాలి. లేకపోతే సాలీడు గూడు కట్టేస్తుంది, అంకెలు ఉన్నట్టుండి అర్థం లేకుండా గెంతుతాయి.

ఒక్క రీడింగు చూసి ప్రమాణంతో పోల్చకండి. మన దేశంలో పీఎం 2.5కి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములన్న పరిమితి 24 గంటల సగటుకు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన 15 కూడా అంతే. కాలనీ వాళ్లు కలిసి కొనేట్టయితే, కిట్లన్నీ మొదట ఒకే బాల్కనీలో వారం పాటు పక్కపక్కనే నడపండి. ఏది ఎక్కువ చూపిస్తుందో, ఏది తక్కువ చూపిస్తుందో రాసిపెట్టుకుని, ఆ తర్వాతే వీధులకు పంచండి.