చీనీ తోట, డ్రిప్ పని, జేబులో కత్తి: ఏ ఉక్కు తట్టుకుంది?

జేబు కత్తుల ఉక్కు మీద వచ్చే సమీక్షలు చాలావరకు అమెరికా వాళ్లవి. కొరియర్ డబ్బాలు విప్పడం, సెలవుల్లో అడవికి పోయి పుల్లలు చెక్కడం వాళ్ల పని. తుప్పు మాట వస్తే సముద్రపు గాలి గురించి రాస్తారు. అనంతపురంలో ఆ లెక్క కుదరదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని జిల్లా మనది. కత్తిని గూట్లో పెట్టి మరిచిపోయినా ఎండాకాలమంతా మెరుస్తూనే ఉంటుంది. ఇక్కడ కత్తిని తినేది తేమ కాదు. చీనీకాయ (బత్తాయి) పులుపు, పొటాష్ ఎరువు, దుమ్ము. నేను డ్రిప్ బిగించే పని చేస్తాను, నార్పల వైపు కొద్దిగా చీనీ తోట కూడా ఉంది. కొన్నేళ్లుగా ఆరు రకాల ఉక్కు నా చేతుల మీదుగా పోయింది. ఏది ఎలా నిలబడిందో ఈ పనిని బట్టే చెప్తాను.

ముందు పని గురించి. నా కత్తి ఎక్కువగా కోసేది 16 ఎంఎం లేటరల్ పైపు, అంటే చెట్ల వరసల వెంట పరిచే సన్న డ్రిప్ పైపు. పైపు సూటిగా తెగాలి. ఏటవాలుగా తెగిందా, జాయినర్ ఒక పక్క బిగిసి ఇంకో పక్క నీళ్లు కారుతుంది. కొత్త పైపు ఏ కత్తికైనా తెగుతుంది. పాత పైపుల దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది. బోరు నీళ్లలోని సున్నం లోపల తెల్లగా పెచ్చు కట్టి ఉంటుంది, దానికి సన్న ఇసుక అతుక్కుని ఉంటుంది. కోస్తుంటే కరకరమని చేతికి తెలుస్తుంది. ఉదయం షేవింగ్ చేసుకునేంత పదునున్న అంచు కూడా మధ్యాహ్నానికి మొద్దుబారుతుంది. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో కాట్రా అనే సంస్థ ఉంది. కత్తుల పదును ఎంతసేపు నిలుస్తుందో కొలవడానికి వాళ్లు 5 శాతం సిలికా కలిపిన అట్టలు కోయిస్తారు. సిలికా అంటే ఇసుకే. ఆ పరీక్ష మనం తోటలో ఫీజు లేకుండా రోజూ రాస్తున్నాం.

మొదట వాడింది కమ్మరి కత్తి. లారీ కమాన్ పట్టీ ముక్కతో చేసింది, మడిచేది కాదు, తోలు ఒరలో నడుముకు ఉండేది. ఊళ్లో కొలిమి పెట్టుకున్న పెద్దాయన 300 రూపాయలకు చేసిచ్చాడు. ఆ పట్టీల ఉక్కులో కార్బన్ అర శాతం నుంచి 0.65 దాకా ఉంటుంది. క్రోమియం ఉంటే గింటే ఒక శాతం అటూఇటూ. స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే కనీసం 10.5 శాతం కావాలి కాబట్టి, దీనికి తుప్పు తప్పదు. చీనీకాయ కోసి తుడవకుండా పెడితే టీ తాగి వచ్చేలోపే అంచు బూడిద రంగుకు తిరుగుతుంది, సాయంత్రానికి ఎర్ర మచ్చలు తేలుతాయి. కోసిన తొనకు ఇనుప వాసన కూడా పడుతుంది. నార్పల వైపు అరటి కూడా ఎక్కువే కదా, అరటి జిగురు తగిలితే నల్లగా పట్టేస్తుంది, పీచుతో తోమినా పోదు.

అయినా ఆ కత్తి మీద నాకు ప్రేమ పోలేదు. పదును పోతే దగ్గర రాయి లేకపోయినా పర్లేదు, పింగాణీ టీ కప్పు తిరగేసి అడుగున ఉండే గరుకు అంచు మీద పది సార్లు లాగితే మళ్లీ పనికొస్తుంది. జాగ్రత్త పడాల్సింది ఒక్కటే, కరెంటు సానరాయి. పక్క తోట ఆయన ఇలాంటి కత్తినే వీధిలో వచ్చిన సాన బండి దగ్గర పట్టించాడు. చుక్క నీళ్లు పోయకుండా రాయి మీద ఒత్తిపెట్టి పట్టేసరికి మొన నీలం తిరిగింది. ఉక్కు 300 డిగ్రీల దగ్గరికి వెళ్తే వచ్చే రంగు అది. అంటే అక్కడ గట్టిదనం దిగిపోయినట్టే. కొలిమి పెద్దాయన చూసి, "మొన చచ్చిపోయిందప్పా, మళ్లా కాల్చి నూనెలో ముంచాల్సిందే" అన్నాడు.

తరవాత విక్టోరినాక్స్. 1884లో స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ మొదలుపెట్టిన కంపెనీ, ఎర్ర పిడి కత్తి అంటే అందరికీ తెలిసిందే. వాళ్లు వాడేది 1.4110 అనే జర్మన్ నంబరు ఉక్కు. కార్బన్ అర శాతం పైచిలుకు, క్రోమియం 14 శాతం దాకా. గట్టిదనం 55, 56 రాక్‌వెల్. రాక్‌వెల్ అంటే వజ్రపు మొనతో ఉక్కును నొక్కి, ఎంత లోపలికి దిగిందో చూసి వేసే మార్కులు. కత్తుల పిచ్చి ఉన్నవాళ్లు 60 కన్నా తక్కువ మార్కులొస్తే ఫెయిలైనట్టు చూస్తారు. పాత పైపుల మీద ఇది త్వరగా మొద్దుబారిన మాట నిజం. కానీ చీనీకాయ కోయడంలో దీన్ని మించింది నా దగ్గర ఇంకోటి లేదు. ఎందుకంటే బ్లేడు పలచన. కాయలోకి దిగుతుంది తప్ప చీల్చదు. అంచు వెనక ఎంత మందం ఉందన్నది ఉక్కు పేరు కన్నా ముందు చూడాల్సిన విషయమని నాకు ఈ కత్తితోనే అర్థమైంది. మార్కెట్ యార్డుకు పోయినప్పుడు ఇప్పటికీ ఇదే తీసుకెళ్తా. శాంపిల్ కాయ కోసి చూపించాలంటే రసం కారకుండా తెగాలి, తొన నలిగితే వ్యాపారి ముఖం వెంటనే మారుతుంది.

8సీఆర్13మోవీ అనే చైనా ఉక్కు కత్తి కూడా కొంతకాలం వాడాను. 0.8 శాతం కార్బన్, 13 శాతం క్రోమియం. చవక. సాన పట్టడం నేర్చుకునేవాళ్లకు మంచిది, అంతకుమించి చెప్పేదేం లేదు.

డీ2 గురించి మాత్రం చాలా చెప్పాలి. ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకు దొరికే మడత కత్తుల్లో ఎక్కువ దీంతోనే వస్తున్నాయి, అమ్మేవాళ్లు దీన్ని ఆకాశానికెత్తుతారు. నిజానికి ఇది కత్తుల కోసం పుట్టిన ఉక్కు కాదు. ఫ్యాక్టరీల్లో రేకులు కత్తిరించే డైలకు, పంచులకు వాడే ఉక్కు. కార్బన్ 1.5 శాతం, క్రోమియం 12 శాతం. 12 ఉంది కదా, స్టెయిన్‌లెస్సే అనుకుంటారు చాలామంది. ఆ క్రోమియంలో చాలా భాగాన్ని కార్బన్ పట్టుకుని కార్బైడ్ అనే గట్టి రేణువులు చేసేస్తుంది, తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. అందుకే దీన్ని సగం స్టెయిన్‌లెస్ అంటారు. వాడితే ఆ మాట నిజమని తెలుస్తుంది. చీనీ రసం తగిలిన కత్తిని కడగకుండా మడిచి జేబులో వేసుకుంటే, మరునాటికి బ్లేడు పక్కల మీద ఏమీ ఉండదు గానీ అంచు వెంబడి ఆవగింజల్లాంటి ఎర్ర చుక్కలు కనిపిస్తాయి. తుడిస్తే పోతాయి. కానీ అంచు దగ్గర ఉక్కు పలచన, తుప్పు తిన్న మేర పదును పోతుంది. పైపులు కోయకుండానే కత్తి మొద్దుబారిందేమిటని తల గోక్కోవడం దీంతోనే మొదలైంది.

ఆ కార్బైడ్ రేణువుల వల్లే దీనికో మంచి గుణం ఉంది. నున్నటి పదును త్వరగానే పోతుంది, కాగితం కోస్తే పీకుతుంది. కానీ ఆ తరవాత ఒక గరుకు పదును మిగిలిపోతుంది, అది పోదు. సుత్తిలి తాడు, ఎరువు సంచులు, సున్నం పట్టిన పాత పైపులు ఆ గరుకు పదునుతో రోజుల తరబడి కోసుకోవచ్చు. నా దగ్గరున్న అన్నిటిలోకీ ఈ పనికి ఇదే మొండిది. కానీ బైండింగ్ వైరు తగిలితే అంచు మడత పడదు, పెచ్చు లేస్తుంది. మడత పడిన అంచును రాయి మీద రెండు నిమిషాల్లో సరిచెయ్యొచ్చు. పెచ్చు లేచిందంటే ఆ లోతు దాకా మొత్తం అంచును అరగదీయాలి, మామూలు సానరాయి మీద అది ఒక సాయంత్రం పని. నా కత్తి బ్లేడు మందం కూడా ఎక్కువే. దాంతో చీనీకాయ కోస్తే తెగే లోపే చీలిపోతుంది.

ఇప్పుడు రోజూ జేబులో ఉండేది 14సీ28ఎన్ ఉక్కు. స్వీడన్‌లోని శాండ్విక్ తయారు చేసింది, ఆ ఉక్కు విభాగం పేరు ఇప్పుడు అలైమా. వాళ్లకు 13సీ26 అని గెడ్డం గీసుకునే బ్లేడ్ల ఉక్కు ముందు నుంచీ ఉంది. అమెరికాలో కర్షా కంపెనీ దాంతో కత్తులు చేస్తూ, తుప్పుకు ఇంకాస్త తట్టుకునేది కావాలంటే, దాన్ని సవరించి ఇది చేశారు. కార్బన్ 0.62, క్రోమియం 14 శాతం, కొత్తగా 0.11 శాతం నైట్రోజన్. ఆ కొంచెం నైట్రోజనే కీలకం. కార్బన్ పెంచి గట్టిదనం తెస్తే అది క్రోమియాన్ని మింగేస్తుంది, డీ2లో చూశాం కదా. నైట్రోజన్ అయితే క్రోమియం జోలికి పెద్దగా పోకుండానే గట్టిదనం ఇస్తుంది. రేణువులు కూడా చాలా సన్నం కాబట్టి అంచు నున్నగా, పలచగా నిలబడుతుంది.

వాడకంలో తేడా ఏమిటంటే, సీజన్‌లో కోతల రోజు కత్తి పొద్దున్నుంచీ రసంలో నానుతూనే ఉంటుంది. సాయంత్రం మరిచిపోయి అలాగే పడుకున్నా మరునాడు మచ్చ లేదు. మడత సందులో రసం ఎండి బంక కడుతుంది, తెరవడం బిర్రుగా అవుతుంది, గోరువెచ్చని నీళ్లలో ఆడిస్తే సరి. పాత పైపుల మీద డీ2 అంత సేపు నిలవదు, అది ఒప్పుకోవాలి. సగానికి కాస్త ఎక్కువ అనుకోండి. కానీ హార్డ్‌వేర్ షాపులో దొరికే రెండు వైపుల రాయి మీద, నీళ్లు చల్లుకుంటూ ఐదు నిమిషాలు పడితే మళ్లీ చేతి వెంట్రుకలు తెగే పదును వస్తుంది. ఈ దుమ్ములో ఏ కత్తయినా మొద్దుబారేదే. నాకు కావాల్సింది అది ఎప్పుడు మొద్దుబారుతుందన్న లెక్క కాదు, మళ్లీ ఎంతలో తేరుకుంటుందన్నది.

పొటాష్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీని గురించి ఎవరూ రాయరు. మనం పొటాష్ అని వేసే ఎంవోపీ అంటే పొటాషియం క్లోరైడ్. స్టెయిన్‌లెస్ ఉక్కు మీద కంటికి కనిపించని క్రోమియం ఆక్సైడ్ పొర ఉంటుంది, తుప్పును ఆపేది అదే. క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడా పొడిచి లోపలికి పోతుంది. ఎర్ర పొటాష్ సంచి కోసిన కత్తిని అలాగే మడిస్తే, చెమట తడికి ఆ పొడి కరిగి, సూది గుచ్చినట్టు గుంతలు పడతాయి. పులుపుకు చలించని విక్టోరినాక్స్ మీద కూడా నాకు రెండు గుంతలు పడ్డాయి. 14సీ28ఎన్ మీద ఇంతవరకు లేవు గానీ, ఏ ఉక్కయినా సరే ఎరువు సంచి కోశాక డ్రిప్ నీళ్లలోనైనా కడిగి లుంగీకి తుడుచుకోండి.

ఇక ఖరీదైన ఉక్కు. డల్లాస్ నుంచి వస్తూ బావమరిది ఎస్30వీ కత్తి తెచ్చిచ్చాడు (చెక్ఇన్ పెట్టెలో పెట్టుకుని. చేతి సంచిలో ఉంటే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు). 2001లో అమెరికాలో క్రూసిబుల్ కంపెనీ ప్రత్యేకంగా కత్తుల కోసమే తెచ్చిన ఉక్కు ఇది. కరిగిన లోహాన్ని పొడిగా చేసి, ఆ పొడిని ఒత్తి ముద్ద చేస్తారు. అందుకే 1.45 శాతం కార్బన్ ఉన్నా రేణువులు డీ2లో లాగా పెద్దవిగా ఉండవు. క్రోమియం 14 శాతం, దానికి తోడు 4 శాతం వెనేడియం. పాత పైపులు, పులుపు, అట్టపెట్టెలు, దేనికీ లొంగలేదు. చెప్పుకోదగ్గ లోపం కత్తిలో లేదు. కానీ వెనేడియం కార్బైడ్లు మన మామూలు సానరాళ్లలో ఉండే అల్యూమినియం ఆక్సైడ్ కన్నా గట్టివి. రాయి మీద గంట రుద్దినా రాయే అరిగింది. వజ్రపు పొడి అద్దిన పలక తెప్పించుకున్నాకే దారికొచ్చింది. ఊళ్లో ఎవరి సాన మీదా పదునెక్కని కత్తిని తోటకు తీసుకుపోవడం నాకు నచ్చలేదు. ఆఫీసు ఉద్యోగం చేస్తూ, నెలకోసారి ఓపిగ్గా కూర్చుని సాన పట్టుకునేవాళ్లకు మాత్రం ఇది నచ్చుతుంది.

కొనే ముందు ఇంకో మాట. సీమ వాళ్లం, మన చేతిలో కత్తి కనబడితే చాలు, సినిమాలు చూసిన ప్రతివాడికీ ఏదో ఒక డైలాగు గుర్తొస్తుంది. ఆయుధాల నిబంధనలు 9 అంగుళాల కన్నా పొడవు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న బ్లేడ్ల గురించి మాట్లాడతాయి, ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. మూడంగుళాల జేబు కత్తి ఆ లెక్కలోకి రాదు. అయినా ఎన్నికలప్పుడు చెక్‌పోస్టులో నల్ల బ్లేడు, పుర్రె బొమ్మ ఉన్న కత్తి తీసి చూపిస్తూ "చీనీకాయలకు సార్" అంటే నమ్మించడం కష్టం. చెక్క పిడో, ఎర్ర పిడో ఉన్నది చూసుకోండి.

బ్లేడు మీద కొట్టిన ఉక్కు పేరును కూడా గుడ్డిగా నమ్మొద్దు. చవక కత్తుల మీద ఏ పేరైనా అచ్చేస్తారు. 14సీ28ఎన్ అని కొన్నది ఇంటికి రాగానే అంచు మీద చీనీ రసం చుక్కలు వేసి, తుడవకుండా రాత్రంతా పెట్టండి. నా దాని మీద ఏమీ పడలేదు. ఉదయానికి ఎర్ర చుక్కలు కనబడితే వాపసు గడువు దాటకముందే పంపేయండి.