కాలిఫోర్నియా స్కూల్ డ్యాష్‌బోర్డ్: చిన్న డిస్ట్రిక్టులకి పనికొస్తుందా?

ఇల్లు కొనేముందు స్కూల్ డిస్ట్రిక్ట్ ఆరా తీసేవాళ్లకి, బడుల పనితీరు చూపే ఈ రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఉచితం, చూడటం తేలిక. ఎరుపు (అట్టడుగు) నుంచి నీలం (అన్నిటికన్నా మేలు) దాకా ఐదు రంగులు. రంగు చూసి మోసపోకండి: ఈ ఏడాది స్థాయి, నిరుటికీ ఇప్పటికీ తేడా, రెండూ కలిపి వేసిన రంగు అది. స్కోర్లు బాగానే ఉన్నా కాస్త జారితే రంగు దిగిపోవచ్చు.

చిన్న డిస్ట్రిక్టులతోనే అసలు చిక్కు. విద్యార్థుల గ్రూపులో 30 మంది లేకపోతే మామూలుగా రంగే రాదు. 11 మంది కూడా లేకపోతే అంకెలే దాచేస్తారు. 35 మంది ఉన్నచోట నలుగురు పిల్లలు 10 శాతం రోజులు బడి ఎగ్గొడితే చాలు, దీర్ఘకాలిక గైర్హాజరు శాతం (అన్ని రోజులు మానేసిన పిల్లల వాటా) 11 పాయింట్లు ఎగబాకుతుంది. అందుకే మూడేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టుకోండి.

డబ్బు లెక్కలకి ఇది దండగ. డిస్ట్రిక్ట్ స్కూల్ బోర్డు అజెండా తెరవాల్సిందే. సాధారణ సమావేశానికి 72 గంటల ముందే పెడతారు. డిసెంబర్, మార్చి మధ్యంతర ఆర్థిక నివేదికలో ‘క్వాలిఫైడ్’ అని కనబడితే మెచ్చుకోలు అనుకునేరు! ఈ ఏడాదో, వచ్చే రెండేళ్లలోనో చెల్లింపులకి కటకట రావచ్చని దానర్థం. రిజర్వ్ (అవసరానికి పక్కన పెట్టిన డబ్బు) కూడా చూడండి: రోజువారీ సగటు హాజరు 301 నుంచి 1,000 లోపు ఉంటే మొత్తం ఖర్చులో కనీసం 4 శాతం ఉండాలి.