ఇన్సులిన్ సంచితో అలిపిరి మెట్లు, అరుణాచల ప్రదక్షిణ

ఇన్సులిన్ మీద ఉన్న మనిషి యాత్రకు బయలుదేరినప్పుడు గది అద్దె ఎంత, కిటికీలోంచి కొండ కనిపిస్తుందా అన్న ప్రశ్నలు వెనక్కి పోతాయి. అన్నం ఏ వేళకు దొరుకుతుంది, ఆ వేళ తప్పితే గ్లూకోజ్ ఎంత దూరంలో ఉంటుంది, రాత్రి రెండు గంటలకు అవసరం పడితే తలుపు తట్టడానికి మనిషి ఉంటాడా అన్నవే ముందుకొస్తాయి. నేనూ నా భార్యా తిరుమలకు నడిచి వెళ్ళి, అక్కడి నుంచి తిరువణ్ణామలై చేరి గిరి ప్రదక్షిణ చేసి వచ్చిన ఈ ప్రయాణంలో దారులనూ బసలనూ ఈ కొలతతోనే చూశాను. అందువల్ల మామూలు యాత్రికులకు నచ్చిన చోటు నాకు నచ్చకపోవడమూ, వాళ్ళు పెదవి విరిచిన చోటు నాకు హాయిగా ఉండడమూ జరిగింది.

రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే దాన్ని లో షుగర్‌గా లెక్కించి వెంటనే సరిచేయాలని, 54 కంటే తగ్గితే ప్రమాదకరమని వైద్యులు చెబుతారు. సరిచేయడానికి 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకొని, 15 నిమిషాలు కూర్చొని, మళ్ళీ పరీక్షించుకోవాలి. పెరగకపోతే అదే మోతాదు మరొకసారి తీసుకోవాలి. నేను గ్లూకోజ్ పొడిని ఇంట్లోనే తూకం వేసి 15 గ్రాముల చొప్పున పొట్లాలు కట్టుకున్నాను, దర్శనం క్యూ కోసం మాత్రం అచ్చు వేసిన పెట్టెలో గ్లూకోజ్ బిళ్ళలు పెట్టుకున్నాను. తెల్లపొడి పొట్లాల గురించి భద్రతా సిబ్బందికి వివరించి ఒప్పించడం కంటే అది సులువు. చాలామంది లో షుగర్‌కు ఓఆర్‌ఎస్ సరిపోతుందనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో ఉండేది 13.5 గ్రాముల గ్లూకోజే కాబట్టి, ఒక గ్లాసు తాగితే మూడు గ్రాములు కూడా అందదు.

హైదరాబాదు నుంచి నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాము. రాత్రి బండి కనుక ఇంట్లో భోజనం చేసి ఎక్కడం వీలైంది, అదే ఈ బండిలో నాకు నచ్చిన గుణం. బండిలో భోజనం చేయాల్సి వస్తే పొట్లం చేతికి వచ్చి, మూత తీసి, అందులో ఏముందో చూసుకున్నాకే సూది వేసుకుంటాను. వచ్చే స్టేషన్లో తెస్తామన్న మాటను నమ్మి ముందే ఇన్సులిన్ వేసుకుంటే ఆ స్టేషన్ గంటన్నర ఆలస్యంగా రావచ్చు, షుగర్ మాత్రం ఆలస్యం చేయదు.

తిరుపతిలో దిగిన హోటల్ రైల్వే స్టేషన్‌కు నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉంది, శుభ్రంగానూ ఉంది. గదిలో చిన్న ఫ్రిజ్ ఉందని చూసి తీసుకున్నాము కానీ, తాళం కార్డు తీసి బయటకు రాగానే గది కరెంటుతో పాటు ఫ్రిజ్ కూడా ఆగిపోతుందని సాయంత్రానికి తెలిసింది. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడకంలో ఉన్న ఇన్సులిన్ పెన్ను మాత్రం 30 డిగ్రీలు దాటనంత వరకు సుమారు నాలుగు వారాలు బయట ఉండగలదు. కౌంటర్లో చెబితే మేనేజరు వంటగది ఫ్రిజ్‌లో పెట్టిస్తానన్నాడు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు కనుక, ఫ్రీజర్ అరలో వద్దని రెండుసార్లు చెప్పి, సంచి మీద పేరు, గది నంబరు రాసి ఇచ్చాను. అతడు తెల్లవారుజామున మూడున్నరకు స్వయంగా తెచ్చి ఇచ్చాడు. టిఫిను ఏడు గంటలకు గానీ మొదలుకాదన్నది ఈ హోటల్‌లో లోటు. కొండెక్కేవాళ్ళే ఎక్కువగా దిగే చోట నాలుగింటికి రెండు ఇడ్లీలు ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు. ముందురాత్రి కొని పెట్టుకున్న బ్రెడ్డు, అరటిపండుతో పని నడిచింది.

నడక రోజున మోతాదు తగ్గించుకోవడం గురించి ముందే నా వైద్యుడితో మాట్లాడాను. ముందురాత్రి వేసుకునే దీర్ఘకాలిక ఇన్సులిన్‌ను 20 శాతం, తెల్లవారుజామున తిన్నదానికి వేసుకునేదాన్ని సగానికి తగ్గించమన్నారు. ఇది నా శరీరానికి చెప్పిన లెక్క, మరొకరికి వేరుగా ఉంటుంది. నడిచే కండరం ఇన్సులిన్ సహాయం లేకుండానే గ్లూకోజ్‌ను లాక్కుంటుంది, ఉన్న ఇన్సులిన్ కూడా మామూలు కంటే చురుకుగా పనిచేస్తుంది. అందుకే ఇంటి దగ్గర సాయంత్రపు నడకకైనా, కొండకైనా మోతాదు ఒకటే ఉంచితే కుదరదు. సూది కూడా తొడకు కాకుండా పొట్టకు వేసుకున్నాను. పనిచేస్తున్న కాలిలోంచి మందు త్వరగా రక్తంలోకి చేరుతుంది.

అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. పాదాల మండపం దగ్గర షుగర్ 152 చూసుకొని మొదలుపెట్టాము. సామాను ఉచితంగా కొండమీదికి చేర్చే దేవస్థానం వారి ఏర్పాటు చాలా బాగుంది, చీటీ చూపిస్తే పైన తిరిగి ఇస్తారు. అయితే ఇన్సులిన్, గ్లూకోమీటర్, గ్లూకోజ్ ఉన్న సంచిని ఎట్టి పరిస్థితిలోనూ ఆ సామానులో వేయకూడదు. చెప్పులు లేకుండా ఎక్కడమే ఆచారం కనుక నేను మందపాటి నూలు మేజోళ్ళు వేసుకున్నాను, పాదాల్లో స్పర్శ తగ్గినవారికి అదైనా అవసరం. దారిలో ఎక్కువ భాగానికి పైకప్పు ఉంది. తాగునీరు, మరుగుదొడ్లు, చిన్న దుకాణాలు తరచుగా ఎదురవుతాయి. గ్లూకోజ్ లెక్కన చూస్తే ఈ దారికి ఉన్న పెద్ద బలం ఆ దుకాణాలే.

గాలిగోపురం వరకు ఎక్కుడు నిటారుగా ఉంటుంది. ఆయాసపడి గబగబా ఎక్కేటప్పుడు అడ్రినలిన్ వల్ల షుగర్ కాసేపు నిలిచి ఉండడమో పెరగడమో జరుగుతుంది. గాలిగోపురం దగ్గర నాకు 161 వచ్చింది. ఆ అంకె చూసి ధైర్యపడి ఇన్సులిన్ వేసుకోవడం ప్రమాదం. అసలు పడిపోవడం దాని తర్వాత, జింకల పార్కు మీదుగా సాగే మెత్తని దారిలో మొదలవుతుంది. ఆ భాగంలో అరగంటకోసారి సగం అరటిపండు తింటూ నడిచినా మోకాళ్ళ మెట్టు చేరేసరికి 96కు వచ్చింది. చేతికి అతికించుకొని, అంకెలను ఫోన్‌లో చూసుకునే గ్లూకోజ్ సెన్సర్ అప్పటికి ఇంకా 118 చూపిస్తోంది. సెన్సర్ కొలిచేది చర్మం కింది ద్రవంలోని గ్లూకోజ్ కనుక, షుగర్ వేగంగా దిగుతున్నప్పుడు అది వేలి చుక్క కంటే వెనకబడి ఉంటుంది. ఒక పొట్లం నీళ్ళలో కలుపుకొని తాగి, పది నిమిషాలు కూర్చొని, మిగిలినవి ఎక్కేశాను.

అంతకుముందు గాలిగోపురం దగ్గర ఒక పెద్దావిడ స్తంభానికి ఆనుకొని కూర్చుంది. చీర తడిసేంత చెమట, అడిగినదానికి పొంతన లేని జవాబు. కోడలు పక్కనే నిలబడి విసనకర్రతో విసురుతోంది. షుగర్ బిళ్ళ వేసుకున్నారా అని అడిగితే, "పొద్దున్నే వేసుకున్నారండీ, దర్శనం అయ్యేదాకా ఏమీ తిననని మొక్కుకున్నారు" అంది. చీటీలో గ్లిమెపిరైడ్ ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఇంత భయపడక్కర్లేదు కానీ, గ్లిమెపిరైడ్ వంటి మందులు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటాయి. కొత్త సూదితో పరీక్షిస్తే 57. "అమ్మా, ఇది మందు, భోజనం కాదు, తాగండి" అని నా భార్య గ్లాసు పట్టుకుంటే ముందు తల అడ్డంగా ఊపి, "స్వామి వద్దకు వెళ్ళేవాళ్ళు పడిపోకూడదమ్మా" అన్నాక తాగింది. పావుగంటకు 84 వచ్చింది, మాట తేరుకుంది. ఆ మందు ప్రభావం గంటల తరబడి ఉంటుంది కనుక గ్లూకోజ్‌తో ఆగకుండా ఏదైనా తినిపించాలని, పైన అశ్విని ఆసుపత్రిలో చూపించాలని కోడలికి చెప్పాము. బీపీకి కొన్ని రకాల మందులు వాడేవారికి గుండెదడ, వణుకు తెలియకపోవచ్చు, చెమట ఒక్కటే కనబడవచ్చు. కొండెక్కేటప్పుడు అందరికీ చెమట పడుతుంది, అందుకే మెట్ల మీద లో షుగర్ ఎవరి కంటా పడదు.

శ్రీవారి మెట్టు దారిలో ఇంతకుముందు ఎక్కాను. 2,388 మెట్లు, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకే, కానీ తెరిపి లేని ఎక్కుడు, దుకాణాలు తక్కువ. త్వరగా అయిపోతుంది కనుక ఆరోగ్యంగా ఉండి సంచి సిద్ధంగా ఉన్నవారికి మంచిదే. ఇన్సులిన్‌తో మొదటిసారి నడిచేవారికి మాత్రం తోడు మనిషితో అలిపిరినే చెబుతాను.

నిజానికి తిరుమలలో మా జాగ్రత్తకు పరీక్ష పెట్టింది మెట్లు కాదు, క్యూ. ఫోన్లు లోపలికి అనుమతించరు కనుక సెన్సర్ చేతికే ఉన్నా దాని అంకెలూ అలారమూ కౌంటర్లో ఉండిపోతాయి. నడక పూర్తయిన కొన్ని గంటల తర్వాత, కాలికింద ఖాళీ లేని వరుసలో, అలారం లేకుండా నిలబడాలి. నేను వైద్యుడి చీటీ చూపించి గ్లూకోమీటర్, బిళ్ళలు వెంట ఉంచుకోనివ్వమని అడిగాను. తనిఖీలో ఉన్న ఉద్యోగి చదివి పంపించాడు. అది వారి విచక్షణ మీద ఉంటుంది కనుక చీటీ లేకుండా వెళ్ళవద్దు. ఎన్ని గంటలు పడుతుందో చెప్పలేని సర్వదర్శనం కంటే, సమయం ముందే తెలిసే 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం ఇన్సులిన్ వాడేవారికి మేలు. కంపార్ట్‌మెంట్లలో పాలు, అన్నప్రసాదం పంచడం గొప్ప సేవే. అయినా పాలలోని చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది కనుక అది గ్లూకోజ్ తీసుకున్న తర్వాత పుచ్చుకోవలసినది. లడ్డూ కూడా అంతే, నెయ్యి ఉన్న తీపి అత్యవసరంలో ఆలస్యం చేస్తుంది.

తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనాన్ని ఇన్సులిన్ వాడేవాడిగా నేను ఏ హోటల్ కంటే మిన్నగా లెక్కిస్తాను. కూర్చున్న కొద్ది నిమిషాల్లో వడ్డన మొదలవుతుంది. ఆకులో అన్నం పడ్డాక సూది వేసుకుంటే చాలు. చక్కెర పొంగలి కొంచెమే పెట్టమంటే వడ్డించే సేవకులు విసుక్కోరు. కొండమీది గది సాదాగా ఉంది, ఫ్రిజ్ లేదు, కానీ చల్లటి వాతావరణంలో పెన్నుకు ఇబ్బంది కలగలేదు. శ్రమ చేసిన రోజు రాత్రి, కండరాలు ఖర్చయిన నిల్వలను నింపుకుంటున్నందువల్ల, నిద్రలో షుగర్ పడిపోవచ్చు. అందుకే పడుకునే ముందు 128 ఉన్నా రెండు బిస్కట్లు తిని, తెల్లవారుజామున రెండున్నరకు అలారం పెట్టుకున్నాను. అప్పుడు 74. మంచం పక్కన గ్లూకోజ్ నీళ్ళు కలిపి పెట్టుకోవడం వల్ల దీపం వెతుక్కోకుండానే పని అయింది. నేను లేవకపోతే ఏం చేయాలో నా భార్యకు తెలుసు: స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, సంచిలో ఉన్న, షుగర్‌ను పెంచే గ్లూకగాన్ సూది వేసి 108కి ఫోన్ చేయాలి. గ్లూకగాన్ అన్ని మందుల దుకాణాల్లోనూ దొరకదు, దాన్ని ఊరి నుంచే తెచ్చుకోవాలి.

చిత్తూరు, వేలూరు మీదుగా తిరువణ్ణామలై చేరి, మధ్యలో ఒక రోజు విశ్రాంతి తీసుకున్నాక ప్రదక్షిణ చేశాము. దారి 14 కిలోమీటర్లు, దాదాపు చదును. తెలుగువారి రద్దీ ఎంత పెరిగిందంటే దుకాణాల బోర్డులే తెలుగులో ఉన్నాయి. టీ కొట్లు, కొబ్బరిబొండాలు, పండ్లు అడుగడుగునా ఉంటాయి. ఎక్కడ ఆగిపోయినా ఆటో దొరుకుతుంది. ఎనిమిది దిక్కుల్లోని లింగాలను పరీక్షకు గుర్తులుగా పెట్టుకొని, ఒకటి విడిచి ఒకటి దగ్గర చూసుకున్నాను. నడకవరకు ఇది అలిపిరి కంటే సులువు. చిక్కంతా వేళలో ఉంది. పగలు రోడ్డు కాళ్ళు కాలుస్తుంది కనుక రాత్రి భోజనం చేసి బయలుదేరాలి. భోజనపు ఇన్సులిన్ బలంగా పనిచేసే గంటల్లోనే నడవాలి. తిరిగి వచ్చి పగలంతా నిద్రపోతే ఆ నిద్రలోనే షుగర్ దిగుతుంది. రాత్రి భోజనం మోతాదు తగ్గించుకొని, ఉదయం పది గంటలకు ఇద్దరమూ లేచి తినేలా చూసుకున్నాము. బస చేసిన లాడ్జిలో గది బాగుంది కానీ, రాత్రి పదయితే కింది గేటుకు తాళం వేసి కాపలావాడు నిద్రపోతాడు. పౌర్ణమి రోజుల్లో ఇదే గదికి అద్దె చాలా ఎక్కువట. మరోసారి వెళితే రాత్రంతా కౌంటర్లో మనిషి ఉండే చోటే చూసుకుంటాను, అద్దె ఎక్కువైనా సరే.

తిరుగు ప్రయాణం తిరుపతి నుంచి సికింద్రాబాదు వందే భారత్‌లో. మధ్యాహ్నం బయలుదేరి రాత్రికి చేరుతుంది. భోజనం కూర్చున్న చోటికే వస్తుంది కనుక సూదికీ ముద్దకీ మధ్య ఎడం ఉండదు. రుచి అంతంతమాత్రమే. సికింద్రాబాదులో దిగి, పార్కింగ్‌లో కారు తాళం తిప్పే ముందు చూసుకుంటే 79. నేను 90 లేకుండా స్టీరింగ్ పట్టుకోను, పడిపోయి సరిచేసుకున్న తర్వాతైనా ముప్పావుగంట ఆగుతాను. ఆ వేళప్పుడు అంతసేపు ఆగడం ఎందుకని నా భార్య తాళాలు తీసుకుంది, నేను పక్క సీట్లో కూర్చొని ఆఖరి పొట్లం విప్పాను.