పరుగుకి ఒంటి జడా, కొప్పా, మడత జడలా?

ఇచ్ఛాపురం, సోంపేట, పలాస గ్రౌండ్లలో కానిస్టేబుల్ ఈవెంట్లకు, అంటే పరుగు, లాంగ్ జంప్ లాంటి దేహదారుఢ్య పరీక్షలకు తయారయ్యే అమ్మాయిల్లో నడుం దాటిన జుట్టున్న ప్రతి ఒక్కరూ ఇదే అడుగుతున్నారు. బరంపురం, పర్లాకిమిడిలో జిమ్‌కి వెళ్లే మన తెలుగువాళ్లదీ ఇదే సందేహం. జుట్టు కత్తిరించుకోవాలా అని ఎవరూ అడగడం లేదు. కనుక దాని జోలికి పోవద్దు.

చాలామంది జడ ఊగడం గురించే దిగులు పడతారు. నా దృష్టిలో తేల్చాల్సింది అది కాదు. చెమట పట్టి తడిగా ఉన్న కుదుళ్ల మీద ఎంత లాగుడు పడుతోందన్నదే అసలు సంగతి. తడిసిన వెంట్రుక పొడి వెంట్రుక కంటే తేలిగ్గా సాగుతుంది, తేలిగ్గా తెగుతుంది. ఒత్తైన జుట్టు నడుం దాకా ఉంటే ఎండుగానే పావుకిలోకు అటూ ఇటూ తూగుతుంది. ఆ బరువు ఊరికే వేలాడితే పెద్ద ఇబ్బంది లేదు, తల భరిస్తుంది. పదహారు వందల మీటర్ల పరుగులో పదహారు, పద్దెనిమిది వందల అడుగులు పడతాయి. అడుగడుగుకీ అది ఎగిరి పడుతుంటే మాత్రం దెబ్బంతా కుదుళ్లకే. మన తీరంలో ఉక్కపోతకు పొద్దున ఆరింటికే మాడు తడిసిపోతుంది. ఇక్కడ పనికొచ్చే పద్ధతీ, పొడిగాలి ఊళ్లలో పనికొచ్చే పద్ధతీ ఒకటే కానక్కర్లేదు.

ముందు ఒంటి జడ. రోజూ వేసుకునేదే, చెయ్యి తిరిగినది, కుదుళ్ల దగ్గర వదులుగా వేసుకోవచ్చు. నడకకు దీన్ని మించింది లేదు. పరుగు మొదలుపెడితేనే చిక్కు. తల కిందికీ మీదికీ కదులుతుంటే జడ మాత్రం ఎడాపెడా ఎందుకు ఊగుతుంది? ఈ లెక్కను జోసెఫ్ కెల్లర్ అనే గణితవేత్త 2010లో తేల్చారు. పైన పట్టిన చోటు అదేపనిగా ఎగిరి పడుతుంటే కింద వేలాడేది నిటారుగా నిలవలేదు, పక్కలకు ఊగడం మొదలెడుతుంది. ఆయన చూసింది పోనీటెయిల్‌ని. మన జడకు బరువు కూడా తోడు కాబట్టి ఒక వీపు రెక్క మీంచి ఇంకో రెక్క మీదికి కొట్టుకుంటూనే ఉంటుంది. ఊగకుండా జడ కొసను ట్రాక్ ప్యాంటు నడుంపట్టీలోకి దోపుకుంటారు కొందరు. అది ఇంకా చేటు. ముందుకు వంగిన ప్రతిసారీ పెడతల దగ్గర కుదుళ్లు లాగేస్తాయి.

లాంగ్ జంప్‌లో జడ వదిలేస్తే దూకిన దూరమే తగ్గిపోవచ్చు. ఇసుకలో ఒళ్లు గానీ, ఒంటిని అంటిపెట్టుకున్నది ఏదైనా గానీ టేకాఫ్ గీతకు ఎక్కడ దగ్గరగా గుర్తు పెడితే అక్కడినుంచే కొలుస్తారు. దిగేటప్పుడు వెనక వేలాడే జడ కొస ఇసుకను తాకిందంటే కాళ్లు ఎంత ముందు పడినా లాభం లేదు. ఈ ఒక్క ఈవెంటుకు ఒంటి జడ వద్దే వద్దు.

ఇక కొప్పు. ఊగదు, ఇసుకకు తగలదు, చూడ్డానికి పొందికగా ఉంటుంది. లాంగ్ జంప్‌కి, మహేంద్రగిరి లాంటి కొండ ఎక్కేటప్పుడు బ్యాగు పట్టీల్లో జుట్టు ఇరుక్కోకుండా ఉండటానికి మంచిదే. బరువైన జుట్టుకు రెండు పిన్నులు ఆగవు. కనీసం ఐదారు యూ పిన్నులు కావాలి. పిన్ను మొనను ముందు బయటి వైపుకు పెట్టి, అంచున నాలుగు పోగులు పట్టుకుని, అప్పుడు మొన లోపలికి తిప్పి మాడును ఆనుకునేలా తొయ్యాలి. నేరుగా గుచ్చితే పది నిమిషాల్లో జారి వస్తుంది. కొప్పు పెడతల మీదే ఉండాలి. నడినెత్తిన కడితే మెడ మీది వెంట్రుకలు, కణతల దగ్గరి వెంట్రుకలు మొలిచిన దిశకు ఎదురుగా లాగబడతాయి. గంటలో తలనొప్పి వస్తుంది, ముడి విప్పగానే తగ్గుతుంది. అలా తగ్గిందంటే నొప్పి ముడిదేనని అర్థం. నెలల తరబడి అలాగే కడితే నుదురు, కణతల దగ్గర జుట్టు పలచబడుతుంది. తొందరగా గుర్తిస్తే తిరిగి వస్తుంది. ఏళ్లు గడిస్తే కుదురే చచ్చిపోతుంది.

కొప్పుకు ఇంకో రెండు లోపాలున్నాయి. చెమట దాని కిందే ఉండిపోతుంది, ఎంతసేపైనా ఆరదు. వెల్లకిలా పడుకుని చేసే వ్యాయామాల్లో తల కింద ముద్దలా అడ్డుపడి గడ్డాన్ని ఛాతీ మీదికి నెడుతుంది, మెడ పట్టేస్తుంది.

నా ఓటు మడత జడలకే. బడిలో రిబ్బన్లతో కట్టుకున్నవే. చిన్నపిల్లల వేషమని సిగ్గుపడతారు గానీ బరువైన జుట్టుకు పరుగులో ఇంతకు మించిన ఏర్పాటు లేదు. రెండు జడలేస్తే కుదుళ్ల మీద బరువు సగమవుతుందని అనుకుంటారు, అది తప్పు. సగం బరువును సగం కుదుళ్లే మోస్తాయి, లెక్క సమానం. లాభం మడతలో ఉంది. వేలాడే పొడవు సగమవుతుంది, కొస వెళ్లి మొదట్లో కట్టుబడుతుంది, ఊపు చచ్చిపోతుంది. మధ్య పాపిడి తెరిచి ఉంటుంది కనుక మాడుకు గాలి తగులుతుంది. పడుకుంటే తల కింద ఏమీ ఉండదు.

వేసే తీరు ముఖ్యం. జుట్టు పూర్తిగా ఆరాకే మొదలుపెట్టాలి. చిక్కు కొస నుంచి పైకి తీసుకుంటూ రావాలి. పాపిడి తీసి, చెవి తమ్మె ఎత్తులో, చెవికి రెండు వేళ్ల వెనక జడ మొదలుపెట్టండి. మొదటి రెండు అల్లికలు వదులుగా, అక్కడినుంచి కిందికి బిగువుగా. చాలామంది దీన్ని తిరగేసి, పైన బిగించి కింద వదిలేస్తారు. అందుకే పైన నొప్పి, కింద జడ విడిపోవడం. కొసన నాలుగు వేళ్ల జుట్టు వదిలి గుడ్డ చుట్టిన బ్యాండు వెయ్యాలి. ఉత్త రబ్బరు తీసేటప్పుడు వెంట్రుకల్ని తెంపేస్తుంది. తర్వాత కుడి జడ కొస ఎడమ జడ మొదటికి, ఎడమది కుడికి తెచ్చి కట్టండి. జడకో మీటరు నూలు రిబ్బను సరిపోతుంది. శాటిన్, నైలాన్ చెమటకు జారతాయి. కట్టాక గడ్డం ఛాతీకి ఆనించి చూడండి, కనుబొమలు పైకెత్తి చూడండి. ఎక్కడైనా చర్మం లాగితే విప్పి మళ్లీ కట్టాల్సిందే. మొత్తం పది నిమిషాల పని.

సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో కాంస్యం తెచ్చిన వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి జిల్లా మన శ్రీకాకుళం, బరువులెత్తే అమ్మాయిలకు ఇక్కడ కొదవ లేదు. వాళ్లకూ ఇదే. భుజాల మీద బార్ పెట్టినప్పుడు వదిలేసిన జడ బార్ కింద చిక్కుకుని, తల వంచగానే లాగుతుంది. జడలు ముందుకు వేసుకుంటే కేబుల్ మెషిన్‌లో పడే ప్రమాదం ఉంది. మడత బార్‌కు పైనే ఉండేలా కట్టుకుంటే ఏ బాధా లేదు.

పోనీటెయిల్ భుజాల దాకా ఉన్న జుట్టుకే. నడుం దాటినదాన్ని అలా వదిలితే రెండు రౌండ్లలో ఉండ కట్టి చిక్కుపడుతుంది. క్లచ్చులు ఇంట్లోకి సరే, వెల్లకిలా పడుకుంటే పళ్లు మాడులో దిగుతాయి.

మడత జడలకూ ఒక లోపముంది. రోజూ ఒకే గీతన పాపిడి తీస్తే అక్కడి కుదుళ్లే లాగుడు మోస్తాయి, పాపిడి వెడల్పవుతుంది. వారానికోసారి అరంగుళం అటో ఇటో జరపండి. బారువ బీచ్‌లో పరుగెత్తినా, గ్రౌండ్‌లో పరుగెత్తినా ఇంటికి రాగానే రిబ్బన్లు విప్పి, మాడును తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఫ్యాన్ కింద పావుగంట ఆరనివ్వండి. ఉద్దానం కొబ్బరినూనె తలస్నానానికి ముందు పట్టించండి, చెమట తడి మీద కాదు. తడి ఆరకముందే మళ్లీ అల్లితే ఆ పది నిమిషాల జాగ్రత్తా వృథా.