పన్నెండేళ్లు, లక్షా నలభై ఆరు వేల కిలోమీటర్లు: మా ఆల్టో 800

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్‌టీ 18 శాతానికి తగ్గింది. అప్పటి నుంచి మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో వారానికి ఒకరైనా అడుగుతున్నారు, "ఇంకా ఆ పాత ఆల్టోనేనా మేడం, ఇప్పుడైనా మార్చరా?" అని. అడిగినవాళ్లకల్లా ముక్కలు ముక్కలుగా చెప్తున్న జవాబును ఒకచోట రాసి పెడదామనిపించింది.

నాది మారుతి ఆల్టో 800, ఎల్ఎక్స్ఐ రకం. 2013 జూన్‌లో కొన్నాను. అన్నీ కలిపి మూడు లక్షల అరవై వేల పైచిలుకు అయింది. మా కాపురం తెనాలిలో, ఉద్యోగం గుంటూరులో. అంగలకుదురు, వడ్లమూడి, నారాకోడూరు మీదుగా రానూపోనూ 54 కిలోమీటర్లు. వారంలో ఒకటి రెండు రోజులు రైలెక్కుతాను, మిగతా రోజులు కారే. మీటరు మొన్న లక్షా నలభై ఆరు వేలు దాటింది. ఆ మోడల్ తయారీ 2023లోనే ఆగిపోయింది. అయినా మా వైపు ఏ వీధి చూసినా ఒకటి కనిపిస్తుంది.

చిన్న కారు కొనేటప్పుడు అందరూ ముందు అడిగేది మైలేజీ ఎంత అని. నేనూ అదే అడిగాను. పన్నెండేళ్లు నడిపాక నా లెక్క మారింది. నాకు నిజంగా డబ్బు మిగిల్చినవి స్పేర్ పార్టుల ధర, ఏ ఊళ్లో ఆగినా దీని పని తెలిసిన మెకానిక్ దొరకడం. మైలేజీ వాటి తర్వాతే.

లెక్క అని ఊరికే అనడం లేదు. కొన్న రోజు నుంచీ డ్యాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోట్‌బుక్ ఉంది. పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ తేదీ, మీటరు, లీటర్లు రాస్తాను. ఎప్పుడూ ఒకే బంకులో ఫుల్ ట్యాంకు చేయించి, మళ్లీ ఫుల్ చేయించినప్పుడు పట్టిన లీటర్లతో భాగిస్తాను. కంపెనీ చెప్పింది లీటరుకు 22.74 కిలోమీటర్లు. నాకు చలికాలంలో ఏసీ లేకుండా గుంటూరు రోడ్డు మీద 21 వస్తుంది. మే నెలలో ఏసీ వేసుకుంటే 17, మహా అయితే 18. వారమంతా తెనాలి వీధుల్లోనే తిరిగితే 14 కూడా చూశాను. పన్నెండేళ్ల సగటు 18. ఇప్పుడు పెట్రోలు 109 దాటింది కాబట్టి కిలోమీటరుకు ఆరు రూపాయలు పెట్రోలుకే పోతుంది. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తున్నప్పటి నుంచి నా పుస్తకంలో లీటరుకు దాదాపు ఒక కిలోమీటరు తగ్గింది. ఇథనాల్‌లో పెట్రోలుకన్నా శక్తి సుమారు మూడో వంతు తక్కువ, కాబట్టి కొంత తగ్గడం సహజమే. పాత బండి కదా అని మా మెకానిక్ పెట్రోలు రబ్బరు పైపులు మార్చేశాడు. పెద్ద ఖర్చు కాదు, మనసుకు నెమ్మది.

ఇక మెయింటెనెన్స్. సర్వీసింగులు, రిపేర్లు, టైర్లు, బ్యాటరీలు అన్నీ కలిపి ఈ పన్నెండేళ్లలో నాకు అయింది లక్షా తొంభై రెండు వేలు. ఇన్సూరెన్స్ ఇందులో లేదు. అంటే కిలోమీటరుకు రూపాయి ముప్పై పైసలు. మా తోటి లెక్చరరు ఒకాయన తన పెద్ద కారుకు ఒక్క సస్పెన్షన్ పనికే నలభై వేలు పెట్టిన నెలలో నేను ఈ మొత్తం కూడి చూసుకున్నాను. నా సంతోషం అప్పుడు మొదలైంది.

ఇంత తక్కువ కావడానికి కారణం బండి కట్టిన తీరులో ఉంది. 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిను. ఇంజినాయిల్ మూడు లీటర్ల లోపే పడుతుంది. క్లచ్ కేబుల్‌తో పనిచేస్తుంది. వెనక డ్రమ్ బ్రేకులు. 12 అంగుళాల టైర్లు, ఒక్కోటి మూడు వేల లోపు. బ్యాటరీ నాలుగేళ్లకోసారి నాలుగు వేల లోపు. బోనెట్ ఎత్తితే ఏది ఎక్కడుందో కనిపిస్తుంది, చెయ్యి పడుతుంది. చెయ్యి పడితే పని తొందరగా అవుతుంది, కూలీ తగ్గుతుంది. క్లచ్ ప్లేటు 92 వేల కిలోమీటర్ల దగ్గర మార్చాం. పొద్దున తొమ్మిదికి షెడ్డులో పెడితే మధ్యాహ్నం మూడింటికి బండి నా చేతికొచ్చింది.

టైమింగ్ బెల్టు గురించి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. ఇంజిన్ లోపలి భాగాలు ఒకదానితో ఒకటి సరైన లయలో తిరిగేలా చూసేది ఇదే. ఈ ఇంజిన్లో ఉండేది చైన్ కాదు, రబ్బరు బెల్టు. తెగితే ఎక్కడున్నామో అక్కడే ఆగిపోతాం. పైకి ఏ సూచనా ఇవ్వదు, చప్పుడు రాదు. 80 వేల దగ్గర మా మెకానిక్, "అక్కా, ఇది బాగున్నప్పుడే మార్చెయ్యాలి, పోయాక కాదు" అని పట్టుబట్టాడు. బాగున్నదాన్ని ఎందుకు మార్చడం అని రెండు నెలలు నాన్చాను. తర్వాత పాత బెల్టు చేతికిచ్చి వంచి చూడమన్నాడు. పళ్ల మొదళ్లలో సన్నటి పగుళ్లు. ఆ రోజు నుంచి అతను మార్చాలంటే మార్చడమే.

అతను మా వీధి చివర రేకుల షెడ్డులో పనిచేస్తాడు. అతని దగ్గరికి చేరకముందు నాకు జరిగినదొకటి చెప్పాలి. 2017 వేసవిలో పట్నంలో ఒక పెద్ద వర్క్‌షాపులో సర్వీసింగ్ చేయించాను. ఏసీ గది, కాఫీ, కంప్యూటర్ బిల్లు. బిల్లులో "కూలెంట్ టాపప్" అని, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం తగ్గినంత పోశామని, రాసి ఉంది. మూడు వారాల తర్వాత ఎండ నడినెత్తిన ఉండగా నారాకోడూరు దాటాక ఏసీలోంచి వేడిగాలి మొదలైంది. నిమిషంలో బోనెట్ సందుల్లోంచి ఆవిరి. బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపేశాను. నా అదృష్టం, రేడియేటర్ మూతకు వెంటనే చెయ్యి పెట్టలేదు. వేడి మీద ఆ మూత తిప్పితే మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి. ముప్పావు గంట చెట్టు కింద కూర్చున్నాను. అప్పుడు ఫోన్ చేస్తే వచ్చిన కుర్రాడే ఇప్పటి మా మెకానిక్. మూత తీసి వేలు ముంచి చూపించాడు, తుప్పు రంగు నీళ్లు. కూలెంట్ పేరు రాసి బోరు నీళ్లు పోశారు. మా వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, గిన్నెల్లోనే తెల్లగా పేరుకుంటుంది. ఆ పొరే రేడియేటర్ సన్నగొట్టాల్లో పడితే నీళ్లు తిరగవు.

ఇంజిన్ వెంటనే ఆపడం వల్ల హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోలేదు. రేడియేటర్ విప్పి శుభ్రం చేసి, రెడీమిక్స్ కూలెంట్ పోశాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, రిజర్వు డబ్బాలో కూలెంట్ ఎంతుందో, ఏ రంగులో ఉందో చూస్తాను. ఆయిల్ కడ్డీ తీసి తుడిచి మళ్లీ ముంచి చూస్తాను. నాలుగు టైర్లూ, స్టెప్నీ కూడా, చేత్తో తడిమి చూస్తాను. పది నిమిషాల పని. మా అత్తగారు దాన్ని ఆదివారం పూజ అంటారు. ఈ బండి ఇన్నాళ్లు నిలవడానికి అన్నిటికన్నా ముందు ఆ పది నిమిషాలే కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

మా డెల్టాలో మరో గొడవ ఉంది, ఎలుకలు. వరి కోతలు అయిపోయాక పొలాల్లోని ఎలుకలు ఇళ్లవైపు మళ్లుతాయి. వాటికి రాత్రిపూట వెచ్చగా ఉండే బోనెట్ కంటే మంచి చోటేముంది. 2019 డిసెంబరులో ఒకరోజు స్టార్ట్ చేస్తే ఇంజిన్ ఒక కాలు కుంటినట్టు వణికింది. ఎలుక ఒక ఇగ్నిషన్ వైరు కొరికేసింది. బాగుచేయడానికి తొమ్మిది వందలే అయింది గాని, మళ్లీ పదిరోజులకు ఇంకో వైరు. కలరా ఉండలు పెట్టాను, వాసన పోగానే మళ్లీ వచ్చాయి. చివరికి పనిచేసింది మావాళ్ల పాత పద్ధతి: పొగాకు కాడలు గుడ్డలో మూటకట్టి బ్యాటరీ పక్కన కట్టడం. వేడి భాగాలకు తగలకుండా కట్టాలి, నెలకోసారి మార్చాలి. దానితోపాటు బండిని రెండు రోజులకు మించి కదపకుండా ఉంచడం మానేశాను. సెలవుల్లో కూడా ఊరి చివరిదాకా ఒక చుట్టు తిప్పి వస్తాను. బ్యాటరీకీ అదే మంచిది.

రోడ్ల సంగతి. మాది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. దాని మీద వేసిన రోడ్డు ఎంత నున్నగా వేసినా రెండేళ్లలో అలలు తేలుతుంది. 12 అంగుళాల చక్రం ఆ అలలన్నీ నడుముకు చేరవేస్తుంది. ముందు చక్రాల సస్పెన్షన్‌లోని లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు నాకు ముప్పై, ముప్పై అయిదు వేల కిలోమీటర్లకోసారి పోతుంటాయి. గతుకుల మీద ముందువైపు టకటకమని చప్పుడొస్తే ఇవే. చప్పుడు మొదలైన వారంలోనే మార్పించి వీల్ అలైన్‌మెంట్ చేయిస్తే టైర్లు మిగుల్తాయి. మొదటి సెట్టు 48 వేల కిలోమీటర్లు, రెండోది 51 వేలు వచ్చింది. గాలి పదిహేను రోజులకోసారి, బండి పెద్దగా తిరగకముందే, డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంత.

బలహీనతలు దాచను. ఇది 48 హార్స్‌పవర్ బండి. నలుగురం కూర్చుని ఏసీ వేసుకుంటే పికప్ బాగా తగ్గుతుంది. మిర్చి సీజన్లో టిక్కీల (మిర్చి బస్తాల) లారీలు వరసగా వెళ్తుంటే దాటడానికి ముందు ఏసీ ఆపి, మూడో గేరుకు దించి, ఎదురుగా అర కిలోమీటరు ఖాళీ కనిపిస్తేనే వెళ్తాను. లేకపోతే వెనకే ఉంటాను. తిరుమల ఘాట్ రెండుసార్లు ఎక్కాను. మొదటి, రెండో గేర్లలో, ఏసీ లేకుండా, ఏ ఇబ్బందీ లేకుండా ఎక్కింది. దిగేటప్పుడు రెండో గేరులోనే దిగాలి. బ్రేకు మీదే కాలు వేసి దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. వెనక సీటు ఇద్దరికి సుఖం, ముగ్గురికి కష్టం. డిక్కీలో రెండు సూట్‌కేసులు పడితే ఎక్కువ.

వీటన్నిటికన్నా పెద్ద లోటు భద్రత. నా బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. మన దేశంలో కొత్త కార్లన్నిటికీ డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది 2019 జూలైలో. నాది అంతకు ముందుది. 2014లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఎయిర్‌బ్యాగులు లేని ఆల్టో 800ను ఢీకొట్టించి పరీక్షిస్తే పెద్దవాళ్ల భద్రతకు ఒక్క స్టార్ కూడా రాలేదు. ఆ సంగతి కొన్న మరుసటి ఏడాది పేపర్లో చదివి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఒక నియమం: 70 దాటను, చీకటి పడ్డాక హైవే ఎక్కను, వెనక కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకుంటేనే బండి కదుపుతాను. దూర ప్రయాణాలు ఇప్పుడు రైల్లోనే. ఇంట్లో ఉన్న ఒక్క కారులోనే పిల్లలతో హైవేల మీద తిరగాలనుకునేవాళ్లకు నేను ఇలాంటి పాత బండి కొనమని చెప్పను. ఎయిర్‌బ్యాగులున్న కొత్తదానికి వెళ్లండి. నాలా ఊరికీ ఉద్యోగానికీ మధ్య తెలిసిన రోడ్డు మీద నెమ్మదిగా తిరిగేవాళ్ల సంగతి వేరు.

వాన నీళ్ల గురించి కూడా ఒక మాట. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మా చెల్లి వాళ్ల కారు సీట్ల దాకా మునిగింది. నీళ్లు తీశాక మా మరిది ఆత్రంగా తాళం తిప్పాడు. లోపల చేరిన నీళ్లను ఇంజిన్ నొక్కలేక, పిస్టన్‌కు ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. మామూలు ఇన్సూరెన్స్‌లో ఆ నష్టం రాదన్నారు, దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ విడిగా తీసుకోవాలట. మునిగిన బండిని స్టార్ట్ చేయొద్దు, బ్యాటరీ వైరు పీకి, తాడు కట్టి షెడ్డుకు లాగించండి. ఈ ఒక్క ముక్క పదిమందికి చెప్పండి.

నా ఆర్‌సీకి 2028 దాకా గడువుంది. అప్పటిదాకా దీన్నే నడుపుతాను. మా అమ్మాయి ఇందులోనే డ్రైవింగ్ నేర్చుకుంటోంది, క్లచ్ పెడల్ సగం నొక్కి ఉంచే హాఫ్ క్లచ్ అలవాటు మాన్పించడమే కష్టంగా ఉంది.

చివరిగా, సెకండ్‌హ్యాండ్‌లో ఇదే బండి చూస్తున్నామని నన్ను అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. రంగు, సీటు కవర్లు చూసి మురిసిపోకండి. రేడియేటర్‌లో నీళ్ల రంగు చూడండి. టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు అడగండి, లేదంటే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. కాళ్ల కింద మ్యాట్ ఎత్తి తుప్పు ఉందేమో, బురద ఆనవాలుందేమో చూడండి. బుడమేరు వరద తర్వాత ఇది మరీ అవసరం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మీ ఎదుట స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే బోనెట్ వేడిగా ఉంటే, రేపు పొద్దున ఆరింటికి వస్తామని చెప్పి వచ్చేయండి.