ఎయిర్ రైఫిల్‌కు పెయింట్ వేయిచ్చిన, ఇనుము ప్లాస్టిక్ రెండూ ఒక్క తీరుగ కలిసినయి

మా బిడ్డ ప్రాక్టీస్ చేసే ఎయిర్ రైఫిల్, 4.5 ఎంఎం స్ప్రింగ్ గన్, రెండేండ్ల సంది చెమట చేతులు తాకి తాకి బ్యారెల్ మీద నలుపు పోయి తుప్పు చుక్కలు పడ్డయి. మొత్తం మట్టి రంగు కావాలన్నది, బ్యారెల్, ట్యూబ్ ఇనుమువి, స్టాక్, ట్రిగ్గర్ గార్డ్ ప్లాస్టిక్‌వి, అన్నీ ఒక్కటే రంగుల.

ముందుగాల వరంగల్‌ల ఒక పౌడర్ కోటింగ్ షాపుకు తీస్కపోయిన, పేరు చెప్ప. పౌడర్ కోటింగ్ అంటే 180, 200 డిగ్రీల దాక కాలుస్తరు కదా, అండ్ల ఇనుముతోని పాటు ట్రిగ్గర్ గార్డ్ కూడ పెట్టిండ్రు, అది అప్పడం లెక్క వంకర పోయింది. బిడ్డ దాన్ని చేతుల పట్టుకొని ఏం మాట్లాడలే, నాకు ఆ రాత్రి అన్నం సయించలే.

తర్వాత దోస్తు చెప్తే హన్మకొండ నయీంనగర్ నుంచి పెద్దమ్మగడ్డ దిక్కు పోయే తొవ్వల బైక్ ట్యాంకులకు పెయింట్ వేసే షెడ్డుకు పోయిన. ఆ అన్న గన్ను చేతికే తీస్కోలే, "స్ప్రింగు, సీలు అన్నీ ఇప్పించి ఒట్టి ట్యూబు, బ్యారెల్ తే తమ్మీ, తుప్పు రాలగొట్టనీకి గాలితోని కొట్టే బ్లాస్టింగ్ ఇసుక లోపటికి పోతే గన్ను ఖరాబైతది" అన్నడు. అప్పుడే నమ్మకం కుదిరింది. సర్వీస్ చేసే ఆయనతోని ఇప్పించి ఇచ్చిన.

అసలు పని శాంపిల్స్ కాడ కనవడ్డది. వంకర పోయిన గార్డ్‌నే ముక్కలు కోసిండు, ప్లాస్టిక్ శాంపిల్‌కు. పక్కకు ఇనుప పట్టీ ముక్కలు. ఒక్కటే డబ్బల రంగు, ఒక్కటే రోజు, ఒక్కటే స్ప్రే గన్‌తోని రెండిటికీ కొట్టిండు, ఎండినంక చూస్తే ప్లాస్టిక్ ముక్క తెల్లగ పాలిపోయినట్టు, ఇనుము ముక్క ముదురుగ మెరుస్తున్నది. నేనైతే రంగు తప్పు కలిసిందనుకున్న. కాదట, ప్లాస్టిక్ మీద గరుకు ఉంటది, వెలుగు చెదిరిపోతది, ఇనుము నున్నగ ఉంటది కాబట్టి షేడ్ లోతుగ కనవడ్తది. అందుకే రంగు మార్చకుండ ఇనుముకు కొట్టే దాంట్ల మెరుపు తగ్గిచ్చే మ్యాట్ పౌడర్ పెంచుకుంట పోయిండు, నాలుగో ముక్కకు కలిసింది. ట్యూబ్‌లైట్ కింద ఒకసారి, ఎల్ఈడీ కింద ఒకసారి, సాయంత్రం నాలుగింటికి బయట ఎండల ఒకసారి పెట్టి చూపిచ్చిండు, ఎందుకంటే ఒక లైట్ కింద కలిసిన రంగులు ఇంకో లైట్ కింద విడిపోతయి.

కింద కూడ రెండిటికీ ఒక్కటే బూడిద రంగు ప్రైమర్. ప్లాస్టిక్ నలుపు, బ్లాస్టింగ్ చేసిన ఇనుము తెల్లబూడిద, పల్చగ కొడితే కింది రంగే పైకి కనవడ్తది అన్నడు. ప్లాస్టిక్‌ను థిన్నర్‌తోని తుడవలే, ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనే తుడిచి, స్కాచ్‌బ్రైట్‌తోని గీకి, ముందు ప్లాస్టిక్ ప్రైమర్ వేసిండు. టూ-ప్యాక్ పీయూ (పాలియురెథేన్, హార్డెనర్ కలిపి కొట్టేది) పెయింట్, రెండిటినీ 60 డిగ్రీల మీదనే ఆరబెట్టిండు.

సెరాకోట్ (గన్నులకు వేసే సిరామిక్ కోటింగ్) చేయిద్దామనుకునేటోళ్లకు ఒక మాట: దాంట్ల హెచ్ సిరీస్ అనే రకం ఇనుము మీద 121 డిగ్రీల కాడ 2 గంటలు కాలుస్తరు, ప్లాస్టిక్ అయితే 65 నుంచి 82 డిగ్రీలే, కాబట్టి ఎవలికి ఇచ్చినా ఈ ముచ్చట ముందే అడగండ్రి. ఇంకోటి, మట్టి రంగుకు "ఫ్లాట్ డార్క్ ఎర్త్" అని ఊకె చెప్తే సరిపోదు, సెరాకోట్ వాళ్ల దగ్గరనే హెచ్-265 ఒక షేడ్, గన్ను సామాన్ల కంపెనీ మ్యాగ్‌పుల్ పేరు మీద హెచ్-267 ఇంకో షేడ్. చేతికి శాంపిల్ ముక్క ఇయ్యాలె.

మొత్తం 2,800 తీస్కున్నడు. పది రోజులన్నది పంతొమ్మిది రోజులైంది, వానలు పడి తేమకు పెయింట్ తెల్లబడ్తదని ఆపిండు, ఫోన్ చేసి చెప్పిండు కాబట్టి కోపం రాలే. స్టాకు, ట్యూబు కలిసే కాడ వేలు పెట్టి జరిపితే తప్ప తేడా తెల్వది, కండ్లకు తెల్వది. బ్యారెల్ మీద మెరుపు లేదు, నిశాన్ పడ్తుంటే కండ్లకు లైటు కొడ్తలేదని బిడ్డ మురిసింది.

ఒక్క లోటు, బ్యారెల్ మడిచే కీలు కాడ రాపిడికి సన్న గీత పడి కింద ప్రైమర్ కనవడ్తున్నది. అక్కడ ఇంకొంచెం వదిలేసి టేప్ వేయాల్సి ఉండె. ఫోటో పంపితే చిన్న సీసల అదే రంగు తీసిపెట్టిన, ఆదివారం తీస్కరా అన్నడు. నాలుగున్నర స్టార్లు ఇస్తున్న, ఆదివారం పోతున్న.